ప్లూమ్యూల్: ఈకల పాఠంలోనూ మొలకల పాఠంలోనూ ఒకే పేరు ఎందుకు?

నల్లరేగడి, కర్నూలు:

సభ్యులకు నమస్కారం. నేను డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం రెండూ చదువుతున్నాను. పక్షుల పాఠంలో ‘ప్లూమ్యూల్’ అంటే పైఈకల అడుగున ఒంటిని అంటిపెట్టుకుని ఉండే మెత్తని నూగు ఈక అని ఉంది. విత్తనాల పాఠానికి వస్తే అదే ‘ప్లూమ్యూల్’ గింజలోని పిండంలో కాండంగా ఎదిగే భాగమని, తెలుగులో దానిని ‘ప్రథమ కాండం’ అంటారని ఉంది. ఈకకూ మొలకకూ పొంతన ఏమిటో నా దగ్గరున్న పుస్తకాలేవీ చెప్పలేదు. ఇవి వేరువేరు మూలాల నుంచి వచ్చి పలకడంలో కలిసిపోయిన రెండు మాటలా, లేక ఒకే మాట రెండు శాస్త్రాల్లోకి వెళ్లిందా? ఒకే మాట అయితే, గింజలో ఈకను చూసినవారెవరు? పరీక్షకు అవసరం లేకపోయినా, అర్థం తెలియని పేరును బట్టీ పట్టడానికి నాకు మనసు రావడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

పదమూలం, ప్రొద్దుటూరు:

ఇది ఒకే మాట. లాటిన్‌లో ‘ప్లూమా’ అంటే ఈక. దానికి చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయం చేరితే ‘ప్లూములా’, అంటే చిన్ని ఈక. ఆంగ్లంలోని ‘ప్లూమ్యూల్’ అక్కడి నుంచే వచ్చింది. అయితే లాటిన్‌లో ఈకకు ఇంకొక మాట కూడా ఉంది, ‘పెన్నా’. రెక్కలోనూ తోకలోనూ ఉండే గట్టి కాడగల ఈకకు ‘పెన్నా’ అనీ, ఒంటిమీది మెత్తని ఈకకు ‘ప్లూమా’ అనీ వాడేవారు. రాతకు ఈకకాడను వాడిన కాలంలో ‘పెన్నా’ నుంచే ఆంగ్లంలోని ‘పెన్’ పుట్టింది. స్పానిష్ వారు మాత్రం నేటికీ ఈకనూ కలాన్నీ కూడా ‘ప్లూమా’ అనే అంటారు. జర్మన్ భాషలో నూగును సూచించే ‘ఫ్లౌమ్’ కూడా ఈ లాటిన్ మాటకు మారిన రూపమే. కాబట్టి ‘ప్లూమ్యూల్’ అనే పేరులో చిన్నదనంతో పాటు మెత్తదనం కూడా ఉన్నదని గుర్తుంచుకోవాలి.

ఇక గింజలో ఈకను చూసినవారెవరన్న ప్రశ్నకు సమాధానం స్పష్టంగానే ఉంది. నెహెమయా గ్రూ అనే ఆంగ్లేయ వైద్యుడు మొక్కల లోపలి నిర్మాణాన్ని వివరిస్తూ 1672లో ఒక గ్రంథం ప్రచురించాడు. సూక్ష్మదర్శిని అప్పుడప్పుడే పరిశోధకుల చేతికి వస్తున్న కాలమది. ఆయన తన గ్రంథాన్ని బీన్స్ గింజతోనే మొదలుపెట్టాడు. గింజను విప్పి, రెండు బద్దల మధ్యనున్న చిన్న మొలకను పరిశీలించి, వేరుగా ఎదిగే కొసకు చిన్న వేరు అనే అర్థంలో ‘రాడికల్’ అని పేరు పెట్టాడు. రెండవ కొస వేరుకొసలా ఒకే ముక్కగా ఉండదనీ, చివర కొన్ని చిన్న ముక్కలుగా విడిపోయి అవన్నీ ఈకల గుత్తిలా దగ్గరగా కూడి ఉంటాయనీ, అందుకే దానిని ‘ప్లూమ్’ అనవచ్చుననీ రాశాడు. ఆ ముక్కలు ఇంకా విచ్చుకోని ఆకులు. తరువాతి వృక్షశాస్త్రజ్ఞులు ఆ పేరునే చిన్నదనం తెలిపే రూపంలో ‘ప్లూమ్యూల్’గా స్థిరపరిచారు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. గ్రూ ఆ భాగం చేసే పనిని బట్టి కాక, కంటికి కనబడిన తీరును బట్టి పేరు పెట్టాడు. ఆ పేరు చదివినవాడు గింజను విప్పి చూస్తే, ఆయన చూసినదే తనకూ కనబడుతుంది.

కొండపల్లె, రాయచోటి:

పదమూలం గారూ, ఒక చిన్న సందేహం. మా ఇంటిముందు దేవగన్నేరు చెట్టు ఉంది. దాని శాస్త్రీయ నామం ‘ప్లుమేరియా’. ఆ పూరేకులు మెలితిరిగిన ఈకల్లా ఉంటాయని ఆ పేరు వచ్చిందా?

పదమూలం, ప్రొద్దుటూరు:

కాదండి. ఛార్లెస్ ప్లూమియే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి గౌరవార్థం ఆ చెట్టుకు ఆ పేరు పెట్టారు. అలాగే చిత్రమూలానికి గల ‘ప్లంబాగో’ అనే పేరుకూ ఈకతో సంబంధం లేదు. అది సీసానికి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి వచ్చింది.

చెనిక్కాయ రైతు, కదిరి:

నల్లరేగడి గారూ, గ్రూ చూసినది చూడడానికి మీకు సూక్ష్మదర్శిని అక్కరలేదు. మా ప్రాంతంలో చెనిక్కాయలనీ మీ కర్నూలు వైపు బుడ్డలనీ పిలిచే వేరుశనగ చాలు. వేయించని పచ్చి గింజలను తీసుకుని రాత్రి నీళ్లలో నానబెట్టండి. ఉదయం పైనున్న ఎర్రపొరను తీసి, రెండు బద్దలనూ గోటితో మెల్లగా విడదీయండి. గింజ మొనవైపు ఒక బద్దకు అతుక్కుని చిన్న మొలక కనబడుతుంది. బయటి వైపుకు మొద్దుగా, కూచిగా ఉన్నది వేరు కొస. లోపలి వైపుకు తిరిగి, బద్దల మధ్యనున్న గుంటలో ఒదిగి ఉన్నదే మీరడిగిన ప్లూమ్యూల్. దానిని వెలుతురుకు పెట్టి చూస్తే పాలమీగడ రంగులో, మడిచి పెట్టిన ఆకుల జతలు కంటికే కనబడతాయి. భూతద్దం ఉంటే ఆకు మధ్య ఈనె కూడా తెలుస్తుంది.

అది నిజంగానే ఈకలా ఉంటుంది. వేరుశనగ ఆకు ఒకే రేకు కాదు గదా. ఒక కాడకు ఎదురెదురుగా రెండు జతలు, మొత్తం నాలుగు చిట్టి ఆకులు ఉంటాయి. గింజలో అవి ఇంకా విచ్చుకోక ఒకదాని మీద ఒకటి వాలి ఉండడం వల్ల, కాడకు ఇరువైపులా పోగులున్న ఈక ఆకారం వస్తుంది. విత్తనం మట్టిలో పడకముందే మొదటి ఆకులు గింజలో సిద్ధమై ఉన్నాయని మా పిల్లలకు చూపినప్పుడు వారు నమ్మలేకపోయారు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి‑6 రకంలోనైనా, ఇంటి అవసరానికి పెట్టుకున్న పాత గింజలోనైనా ఇది ఇలాగే కనబడుతుంది.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కడప:

కదిరి రైతు సోదరుడు చెప్పిన ప్రయోగాన్ని ప్రతి తరగతిలోనూ చేయించాలి. దానికి తోడుగా నిర్వచనాన్ని కొంచెం బిగించి చెబుతాను, ఎందుకంటే విద్యార్థులు ఇక్కడ తరచుగా రెండు పేర్లను కలిపేస్తున్నారు.

పిండాక్షంలో, అంటే మొలక నడిమి కాడలో, బీజదళాలు (గింజ బద్దలు) అతుక్కున్న చోటికి పైనున్న భాగాన్ని ఎపికాటిల్ అంటాము. ఆ ఎపికాటిల్ కొసన పెరుగుదల బిందువు, దానిని చుట్టుకున్న లేత ఆకులు కలిసిన మొగ్గ ప్లూమ్యూల్. బీజదళాలకు కింద ఉన్న భాగం హైపోకాటిల్; దాని కొస ప్రథమ మూలం, అంటే గ్రూ చెప్పిన రాడికల్. మొలకెత్తేటప్పుడు ఈ రెండు కాడల్లో ఏది సాగుతుందన్న దానిని బట్టి బీజదళాలు నేలపైకి రావడమో నేలలోనే ఉండిపోవడమో జరుగుతుంది. పెసర, పత్తి, ఆముదం, చింత మొలకల్లో హైపోకాటిల్ సాగి బీజదళాలను పైకి ఎత్తుతుంది. కర్నూలు నల్లరేగడి నేలల్లో వేసే శనగలోనూ, కందిలోనూ ఎపికాటిల్ సాగుతుంది. బద్దలు మట్టిలోనే ఉండిపోయి ప్లూమ్యూల్ ఒక్కటే బయటికి వస్తుంది. వేరుశనగ ఈ రెంటికీ నడుమ ఉంటుంది: హైపోకాటిల్ బద్దలను నేల పైపొర దాకా తెచ్చి అక్కడే ఆగిపోతుంది, ఆ తరువాత ప్లూమ్యూల్ విచ్చుకుంటుంది.

ఇంత లేత మొగ్గ మట్టిని చీల్చుకుని రావడం ఎలా సాధ్యమన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. కంది మొలకను జాగ్రత్తగా తవ్వి చూడండి. కాడ పైభాగం కొక్కెంలా వంగి, ఆ వంపు మట్టిని తోస్తూ ఉంటుంది. ప్లూమ్యూల్ తలకిందులుగా దాని వెనుక వస్తుంది. మట్టి ఒత్తిడికి మొలకలో తయారయ్యే ఇథిలీన్ అనే వాయువు ఆ వంపును నిలిపి ఉంచుతుంది. వెలుతురు తగిలిన తరువాతే కొక్కెం నిటారై ఆకులు విచ్చుకుంటాయి.

గడ్డిజాతి పంటలైన జొన్న, కొర్ర, వరి గింజల్లో ఏర్పాటు వేరు. అక్కడ ప్లూమ్యూల్‌ను ఒక మూసిన గొట్టం వంటి తొడుగు కప్పి ఉంచుతుంది. దాని పేరు ‘కోలియోప్టైల్’. నల్లరేగడి గారి ప్రశ్నకు ఇది చాలా దగ్గరి సంగతి. గ్రీకులో ‘కోలియోస్’ అంటే ఒర లేదా తొడుగు, ‘ప్టిలాన్’ అంటే మెత్తని ఈక. అంటే ఈక తొడుగు! లాటిన్ మాటతో ఒకసారి ఈక అనిపించుకున్న మొలకకు, దాని తొడుగు పేరులో గ్రీకు మాటతో మళ్లీ ఈక అనే పేరే దక్కింది. జొన్న విత్తనం మరీ లోతున పడితే ఈ తొడుగు పైకి అందక, ఆకు మట్టిలోనే దానిని చీల్చుకుని నలిగిపోతుంది.

తాటి విషయంలో మరొక విశేషం ఉంది. తాటిటెంక మొలకెత్తినప్పుడు బీజదళపు కాడ గొట్టంలా కిందికి సాగి, తన లోపల ప్లూమ్యూల్‌ను భూమిలోకి మోసుకుపోతుంది. మనం కాల్చుకుని తినే తేగ అలా భూమిలోనే ఊరుతుంది. పైకి రావలసినది ముందుగా కిందికి ప్రయాణం చేయడం మొక్కల్లో అరుదైన పద్ధతి.

బట్టమేక, నంద్యాల:

మొలకల గురించి ఇంత చెప్పారు గనుక ఈకల గురించి నేను రాస్తాను. మామూలు ఈకకు మధ్యన కాడ, దానికి ఇరువైపులా పోగులు, ఆ పోగులకు మళ్లీ సన్నని చిరుపోగులు ఉంటాయి. చిరుపోగులకున్న కంటికి కనబడనంత చిన్న కొక్కేలు పక్క పోగును పట్టుకోవడం వల్ల ఈక ఒక పలక వలె నిలుస్తుంది. కాకి ఈకను కిందికి దువ్వి చెదరగొట్టి, మళ్లీ పైకి నిమిరితే అది అతుక్కోవడం మనమందరం చిన్నప్పుడు చూసిందే. ప్లూమ్యూల్‌లో ఆ కొక్కేలు లేవు. మధ్య కాడ చాలా పొట్టిగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. పోగులన్నీ మొదలు నుంచే కుచ్చులా విడిపోతాయి. ఆ పోగుల మధ్య గాలి నిలిచిపోయి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఎగరడంలో దానికి పాత్ర లేదు.

కోడిపిల్ల గుడ్డు నుంచి రాగానే తడిగా, పీచుపీచుగా ఉండి, ఆరిన కొద్దిసేపటికి బంతిలా ఉబ్బడం పల్లెల్లో చూడనివారు ఉండరు. కేవలం తడి ఆరడం ఒక్కటే దానికి కారణం కాదు. పుట్టినప్పుడు ఒక్కొక్క నూగు ఈక పలుచని తొడుగులో చుట్టి ఉంటుంది. ఆరిన తరువాత ఆ తొడుగు పొట్టులా రాలిపోయి లోపలి పోగులు విచ్చుకుంటాయి. అధ్యాపకుల వారు చెప్పిన ఈక తొడుగు ఇక్కడ అక్షరాలా ఉన్నది. పిల్ల పుట్టినప్పటి ఈ నూగును ‘నియోసాప్టైల్’ అంటారు. అందులోనూ అదే గ్రీకు ఈక ఉంది. పావురం పిల్లకు మాత్రం పుట్టినప్పుడు పసుపురంగు వెంట్రుకల వంటి నూగు అక్కడక్కడా ఉంటుంది తప్ప కోడిపిల్లకున్నంత ఒత్తుగా ఉండదు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో చింతచెట్లమీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల పిల్లలను దూరం నుంచి చూసినా, తెల్లని నూగుతో ఉన్నవి ఏవో, పైఈకలు మొలుస్తున్నవి ఏవో తెలిసిపోతాయి.

మా జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది బట్టమేక పక్షి కోసం. ఆ జాతి నేడు అంతరించిపోయే అంచున ఉంది. నేను ఈ పేరు పెట్టుకోవడానికి కారణం కూడా అదే. ఈ కుటుంబపు పక్షులకు తోక మొదట్లో ఉండవలసిన నూనె గ్రంథి లేదు. ఆ లోటును కొంతవరకు ఒక రకం నూగు ఈకలు తీరుస్తాయి: వాటి కొసలు నిరంతరం పొడిగా రాలుతూ, ఆ పొడి మిగిలిన ఈకలను కాపాడుతుంది. అంతేకాక ఈ కుటుంబంలో నూగు, ఈకల మొదళ్లు లేత గులాబీ రంగులో ఉంటాయి. ఆ రంగునిచ్చే పార్ఫిరిన్ అనే పదార్థం వెలుతురుకు వెలిసిపోతుంది గనుక, పైఈకల చాటున ఉన్నంతవరకే ఆ గులాబీ నిలుస్తుంది.

నల్లరేగడి, కర్నూలు:

అందరికీ కృతజ్ఞతలు. శనగలు, బుడ్డలు రెండూ నానబెట్టి చూశాను. బుడ్డల్లో ఆకులు స్పష్టంగా కనబడ్డాయి. శనగలో మొలక చిన్నదిగా వంగి ఉండడంతో భూతద్దం కావలసి వచ్చింది. ఇప్పుడు మరొక ప్రశ్న. రెండు ప్లూమ్యూల్‌లకూ తొడుగులు ఉన్నాయి, రెండూ విచ్చుకుంటాయి. ఈ రెంటికీ పరిణామపరంగా ఏదైనా సంబంధం ఉన్నదా? మరి తెలుగులో ‘ప్రథమ కాండం’ అన్నప్పుడు ఈక ఎందుకు పోయింది?

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కడప:

సంబంధం ఏమీ లేదమ్మా. ఇది గట్టిగా చెప్పవలసిన మాట. ఈక పక్షి చర్మంలోని గుంట నుంచి పుట్టే, మన గోళ్లలోనూ ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడిన నిర్మాణం. పూర్తిగా ఎదిగిన తరువాత అందులో జీవకణాలు ఉండవు. మొక్కలోని ప్లూమ్యూల్ ప్రతి కణమూ సజీవమైన మొగ్గ. దాని కొసనున్న పెరుగుదల బిందువు నుంచే మొక్క కాండమూ, ఆకులూ, పూలూ రావాలి. పోలిక చూసినవారి కంటిలో ఉంది గాని ఆ రెండు వస్తువుల పుట్టుకలో లేదు.

ఇక తెలుగు పేరు సంగతి. ‘ప్రథమ మూలం, ప్రథమ కాండం’ అని జంటగా పెట్టడం వల్ల ఏది వేరవుతుందో, ఏది కాండమవుతుందో విద్యార్థికి వెంటనే తెలుస్తుంది. బోధనకు ఇది మంచి సదుపాయం. నేను ఈ పేరును సమర్థిస్తాను.

పదమూలం, ప్రొద్దుటూరు:

అయ్యా, సదుపాయం ఉన్నమాట నిజమే గాని, నష్టం కూడా ఉంది. ‘కాండం’ అనగానే విద్యార్థి మనసులో ఒక పుల్ల నిలుస్తుంది. అక్కడ ఉన్నదేమో ఆకుల మొగ్గ. తమరు పైన చెప్పిన ఎపికాటిల్‌కూ ప్లూమ్యూల్‌కూ మధ్య గందరగోళం కొంతవరకు ఈ పేరు వల్లనే కలుగుతున్నదని నా అభిప్రాయం. హిందీ వారు ‘ప్రాంకుర్’ అన్నారు, అంటే ముందుకు వచ్చే అంకురం. అందులో ఈక లేకపోయినా పుల్ల కూడా లేదు.

విచిత్రమేమిటంటే మన వృక్షశాస్త్ర పరిభాష ఈకను పూర్తిగా వదిలిపెట్టలేదు. వేప, చింత, వేరుశనగ ఆకులను ‘పిచ్ఛాకార సంయుక్త పత్రాలు’ అంటున్నాము. ‘పిచ్ఛం’ అంటే సంస్కృతంలో ఈక; నెమలి పింఛంలో ఉన్నది ఆ మాటే. ఆకుకు ఈకను ఉంచుకుని, ఆ ఆకు గింజలో ముడుచుకుని ఉన్న దశకు దానిని తీసేశాము. కొత్త పేరు పుట్టించాలని నేను అనడం లేదు. వాడుకలో కుదురుకున్న పేరును కదిలిస్తే పుస్తకానికొక పేరు తయారవుతుంది. పాఠంలో ‘ప్లూమ్యూల్ అంటే చిన్ని ఈక, విచ్చుకోని ఆకుల ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు’ అని ఒక్క వాక్యం చేర్చితే చాలు.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కడప:

ఆ వాక్యాన్ని చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు. దాని పక్కనే వేరుశనగ గింజ బొమ్మ ఉండాలని మాత్రం కోరుతాను.

బట్టమేక, నంద్యాల:

మూడవ అర్థం ఒకటి మిగిలిపోయింది. తెల్లని రెక్కల సీతాకోకచిలుకల కుటుంబంలో కొన్ని జాతుల మగవాటి రెక్కలమీద, మామూలు పొలుసుల మధ్య, కొసన కుచ్చులా చీలిన సన్నని పొలుసులు ఉంటాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన వాటి ద్వారా వెలువడుతుంది. వాటిని కూడా కీటక శాస్త్రజ్ఞులు ‘ప్లూమ్యూల్స్’ అనే పిలుస్తారు. అక్కడ కూడా పేరుకు ఆధారం ఆకారమే.

కొండపల్లె, రాయచోటి:

మాకు పనికివచ్చే ప్రశ్న ఒకటి అడుగుతాను. యంత్రంలో ఒలిచిన వేరుశనగ గింజల్లో ఈ ప్లూమ్యూల్ విరిగిపోతే మొక్క వస్తుందా, రాదా? పైకి గింజ బాగానే కనబడుతుంది గదా.

చెనిక్కాయ రైతు, కదిరి:

గింజ మొన దెబ్బతింటే నమ్మకం లేదండి. అందుకే మా ఊళ్లో ఇప్పటికీ విత్తనానికి వాడే కాయలను చేతితోనే ఒలిపిస్తాము. ఒలిచిన గింజలను ఎక్కువ రోజులు నిలవ ఉంచకుండా, విత్తే సమయం దగ్గర పడినప్పుడే ఒలిపిస్తాము. పైనున్న ఎర్రపొర ఊడిన గింజలనూ, బద్దలు కదిలిన గింజలనూ ఏరి పక్కన పెట్టి తిండికి వాడుకుంటాము. కాయలో ఉన్నంత కాలం ఆ మొనకు రక్షణ ఉంటుంది.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కడప:

ఏ భాగం విరిగిందన్న దానిని బట్టి ఫలితం మారుతుంది. వేరుకొస విరిగితే మొలక నీటిని అందుకోలేక చాలావరకు చనిపోతుంది, బతికినా బలహీనంగా ఉంటుంది. ప్లూమ్యూల్ కొస మాత్రమే విరిగి, దాని అడుగుభాగం నిలిచి ఉంటే కొంత ఆశ ఉంది. వేరుశనగలో రెండు బద్దలూ కాడకు అతుక్కున్న మూలల్లో ఒక్కొక్క పక్కమొగ్గ గింజలోనే ఉంటుంది. మామూలుగా మొదటి రెండు పక్కకొమ్మలు వీటి నుంచే వస్తాయి. నడిమి మొగ్గ పోయినప్పుడు ఇవి సాగి మొక్కను నిలబెట్టగలవు, కాని నడిమి కాండం ఉండదు, ఎదుగుదల వెనుకబడుతుంది.

శనగలో ఈ వెసులుబాటు ఇంకా ఎక్కువ. బద్దలు మట్టిలోనే ఉంటాయి గనుక, పైకి వచ్చిన మొలకను పురుగు కొరికినా గొర్రె మేసినా, మట్టిలో మిగిలిన కణుపుల నుంచి కొత్త మొగ్గ రావచ్చు. పత్తి మొలకను బద్దలకు కింద కొరికేస్తే అక్కడ మొగ్గ అనేది మిగలదు, కాబట్టి ఆ మొక్క మళ్లీ లేవదు. ఆ చోట మరొక విత్తనం పెట్టుకోవలసిందే. మీ దగ్గరున్న విత్తనం సంగతి తేల్చుకోవాలంటే, విత్తే ముందు ఒక వంద గింజలను తడిపిన గోనెపట్టాలో చుట్టి నీడన ఉంచి, మొలకలను లెక్కపెట్టండి. లెక్కపెట్టేటప్పుడు వేరు వచ్చిందా అని మాత్రమే చూసి వదిలేయకండి. బద్దలు విడదీసి, మధ్యనున్న ప్లూమ్యూల్ పచ్చబడి సాగుతున్నదా, గోధుమరంగుకు తిరిగి మెత్తబడిందా అన్నది కూడా చూడండి.